కసిమి నలుపు, పటిక ఎరుపు

మాది శ్రీకాళహస్తి. నేను పుట్టినప్పుడు చిత్తూరు జిల్లాలో ఉండేది, 2022 నుంచి తిరుపతి జిల్లా అయింది. మా వీధి చివర దిగితే స్వర్ణముఖి ఏరు. మా ఊరి దగ్గర ఏరు ఉత్తరంగా పారుతుంది కాబట్టి అక్కడ స్నానం చేస్తే పుణ్యమని పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. పిల్లలం మాకు ఆ పుణ్యం సంగతి పట్టేది కాదు. బడి వదలగానే ఏటికి పరుగెత్తేది గుడ్డలు చూడటానికి.

కలంకారీ పనివాళ్ళు మోకాలి లోతు నీళ్ళలో నిలబడి బారెడు బారెడు గుడ్డలను ప్రవాహంలో వదిలి జాడించేవాళ్ళు. ఆ తర్వాత ఇసుక మీద పరిచి ఎండబెట్టేవాళ్ళు. కొన్నిటి మీద నల్లగీతలే ఉండేవి. కొన్నిటి మీద ఎరుపు కూడా పడి ఉండేది. మేము ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నడుస్తూ కథ చదువుకునేవాళ్ళం. విల్లు విరిచే రాముడు, పక్క గడిలో పూలదండతో సీత, కింద వరసలో పల్లకీ మోసే బోయీలు, ఒక్కో గడి కింద తెలుగులో రాసిన మాటలు. ఒకసారి నేను మరీ దగ్గరికి పోతే నీళ్ళు చల్లుతున్న ఒక తాత కేకేశాడు. "తొక్కబాక పాపా, ఆడ సీతమ్మ ఉండాది!" నేను కాలు వెనక్కి తీసుకుని ఆ సీతమ్మ ముఖం చూస్తూ ఉండిపోయాను. కన్ను చెవిదాకా సాగిన పెద్ద కన్ను. ముక్కూ గడ్డమూ అన్నీ ఒకే గీతలో వచ్చేశాయి. ఎక్కడా చెరిపి దిద్దిన గుర్తు లేదు. ఇంటికి వచ్చి పలక మీద ఆ కన్ను గీశాను. చెరిపి మళ్ళీ గీశాను. అన్నం తినమని అమ్మ పిలిచేదాకా అదే పని.

గీత మీద ఇష్టం నాకు అంతకుముందే అవ్వ దగ్గర అంటుకుంది. మా అవ్వ మెలికల ముగ్గు వేస్తే వీధిలో ఆడవాళ్ళు ఆగి చూసేవాళ్ళు. మా వైపు అరవదేశం దగ్గర కదా, చుక్కల చుట్టూ తిప్పే మెలికల ముగ్గులు ఎక్కువ. చుక్కలు పెట్టి, పిండి చిటికెడు తీసుకుని ఒకచోట మొదలుపెడితే గీత చుక్కలన్నిటినీ చుట్టి తిరిగి మొదలైన చోటికే వచ్చి కలవాలి. మధ్యలో తెగకూడదు. ధనుర్మాసంలో చీకటితో లేచి అవ్వ వెనకాల లాంతరు పట్టుకుని నిలబడటం నా పని. చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నా అవ్వ చేతి నుంచి పిండి ఒకే సన్నంలో రాలేది. "చెయ్యి చూడబాకే, పోవాల్సిన చుక్కను చూడు" అనేది. నాకు బొమ్మలు గీయడంలో దొరికిన మొదటి పాఠం అది. ఆ తర్వాత ఎంతమంది ఎన్ని చెప్పినా దాన్ని మించింది నాకు దొరకలేదు.

హైస్కూల్లో మాకు డ్రాయింగ్ మాస్టారు ఉండేవారు. ఆ రోజుల్లో డ్రాయింగ్ పీరియడ్ అంటే లెక్కల అయ్యవారు ఎత్తుకెళ్ళే పీరియడ్. మా మాస్టారు మాత్రం దాన్ని వదులుకునేవారు కాదు. బోర్డు మీద సుద్దముక్కతో కూజా గీస్తే, ఆ కూజాలో నీళ్ళున్నాయా లేవా అన్నది కూడా తెలిసినట్టుండేది. నా నోటుబుక్కు చూసి ఆయన మా అంగడికి వచ్చి నాయనతో మాట్లాడారు. అప్పట్లో ప్రభుత్వం పెట్టే డ్రాయింగ్ పరీక్షలు లోయర్, హయ్యర్ అని రెండు ఉండేవి. "పాప చేత లోయర్ కట్టించండి, అయ్యా. ఈ చెయ్యి ఊరికే పోకూడదు" అన్నారు. నాయన ఇత్తడి సామాన్ల వ్యాపారి. బొమ్మల పరీక్షకు ఫీజు కట్టడమేంటని ఇంట్లో ఒకరిద్దరు అన్నా, ఆయన మారుమాట లేకుండా కట్టేశారు. ఒక క్యామెల్ రంగుల పెట్టె కూడా కొనిచ్చారు. అందులో నీలం బిళ్ళ ముందు అరిగిపోయింది. పరీక్ష పాసయ్యాను. హయ్యర్ రాయలేదు. ఇంటర్, ఆ తర్వాత డిగ్రీ, వాటి హడావుడిలో అది వెనకబడింది.

అప్పుడు మా ఇంట్లో బొమ్మలంటే పత్రికల బొమ్మలే. వడ్డాది పాపయ్య గారి బొమ్మ వచ్చిన రోజు ఆ పుస్తకం నాకు దక్కాక గానీ తమ్ముడి చేతికి వెళ్ళేది కాదు. మూలన 'వపా' అని చిన్న సంతకం. ఆయన బొమ్మల్లో చీరకట్టు, కొప్పు, మల్లెచెండు చూసి మా అమ్మ కూడా పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చి ఓ క్షణం నిలబడేది. అమ్మకు ఏనాడూ చేతిలో పెన్సిల్ లేదు. కానీ ఏ బొమ్మ బాగుందో చెప్పడంలో ఆమె మాట తప్పేది కాదు.

డిగ్రీకి తిరుపతి వచ్చాను, పద్మావతి మహిళా కళాశాలలో బీఎస్సీ. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం. అక్కడ నా గీతకు గిరాకీ దొరికింది. రికార్డులు! కప్ప జీర్ణవ్యవస్థ, బొద్దింక నోటి భాగాలు, నత్త, పేరు అడక్కుండానే పేజీలో గుర్తుపట్టగలిగిన ఎన్నో రకాల ఆకుల అడ్డుకోతలు. రికార్డులో పెన్సిల్‌తో రుద్ది నీడ వేయడానికి లేదు. గీత స్పష్టంగా ఉండాలి. నీడ కావాలంటే చుక్కలతోనే చూపించాలి. హాస్టల్లో రాత్రి పదింటికి ఏ గది తలుపు కొట్టినా ఒక రికార్డు నా చేతికొచ్చేది. నాకు విసుగనిపించేది కాదు. మిగతావాళ్ళు పరీక్ష కోసం గీసేవాళ్ళు, నేను ఆ కప్ప కడుపులోని మెలిక ఎలా తిరిగిందో చూడటం కోసం గీసేదాన్ని. లోపల ఎక్కడో అవ్వ ముగ్గే కదులుతున్నట్టుండేది.

తర్వాత బ్యాంకు ఉద్యోగం, పెళ్ళి, ఇద్దరు పిల్లలు, బదిలీలు. మదనపల్లె, పుత్తూరు, పలమనేరు, మళ్ళీ తిరుపతి. ఆ ఏళ్ళ గురించి చెప్పడానికి చాలా ఉంది కానీ బొమ్మల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. సంక్రాంతి నెలలో ముగ్గు, పిల్లల సైన్సు చార్టులు, నవరాత్రి కొలువు వెనక కట్టే తెర మీద ఒక కొండ, ఒక చెరువు. అంతే. దాన్ని నేను ఎవరి మీదా పెట్టను. అప్పటి రోజు అప్పటి పనులతో నిండిపోయేది. ఎవరైనా "నువ్వు బొమ్మలు బాగా వేసేదానివి కదా" అంటే మాత్రం గొంతులో ఏదో అడ్డం పడేది. "వేసేదానివి" అన్న ఆ మాటకి.

2010 మే 26 రాత్రి తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, గాలిగోపురం పడిపోయింది."

టీవీ పెట్టాం. గోపురం ఉన్న చోట దుమ్ము, రాళ్ళ గుట్ట. 1516లో శ్రీకృష్ణదేవరాయలు కట్టించిన ఏడంతస్తుల గోపురం. గుడికి కాస్త ఎడంగా, ఊరికి గుమ్మంలా నిలబడి ఉండేది. దానికి పగులు వచ్చిందని ముందే తెలుసు, జనాన్ని పక్కకు పంపించారు కూడా. అయినా అది పడుతుందని మా ఊళ్ళో ఎవరూ లోపల నమ్మలేదు. మా ఇంటి మిద్దె మీద నుంచి చూస్తే రోజూ కనిపించేది. పతంగి ఎగరేస్తే అది గోపురం కంటే పైకి పోయిందా లేదా అని చూసేవాళ్ళం. నాయన సంధ్యవేళ అటు తిరిగి దండం పెట్టుకుని అంగట్లో దీపం వెలిగించేవారు. నాయన పోయి అప్పటికి చాలా కాలమైంది. ఆయన దండం పెట్టిన దిక్కులో ఇప్పుడు ఏమీ లేదన్న ఆలోచన నన్ను కూర్చోనివ్వలేదు.

అందరూ పడుకున్నాక బ్యాంకు క్యాలెండరు పాత కాగితం ఒకటి చింపి, వెనకవైపు తెల్లగా ఉన్నదాన్ని భోజనాల బల్ల మీద పరిచాను. పిల్లవాడి పెన్సిల్ తీసుకున్నాను. గోపురం గీయాలి. ఇంతే నాకు తెలిసింది. కింద రాతి గోడ, దాని మధ్య ద్వారం, పైకి పోయేకొద్దీ సన్నబడుతూ అంతస్తులు, చివర కలశాలు. ఆకారం వెంటనే వచ్చింది. ఆ తర్వాత మూడో అంతస్తు దగ్గర చేయి ఆగింది. అక్కడ కిటికీకి ఇటూ అటూ ఏముంది? ద్వారపాలకులు ఏ వైపు చూస్తున్నారు? పదిహేనేళ్ళు రోజూ చూసిన గోపురం. కళ్ళు మూసుకుని మా మిద్దె మీద నిలబడ్డట్టు ఊహించుకుంటూ, ఒక్కో అంతస్తూ అడుగుతూ గీశాను. కొన్ని దొరికాయి, కొన్ని దొరకలేదు. దొరకని చోట ఖాళీగా వదిలేశాను.

తెల్లవారుజామున మా ఆయన మంచినీళ్ళకు లేచి వచ్చి "ఏం చేస్తాండావు ఈ పొద్దులో?" అన్నారు. బల్ల మీదకు వంగి చూసి మరేమీ అనలేదు. ఒక కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నారు. కాసేపయ్యాక "ఇక్కడ పావురాళ్ళు ఉండేవి" అని నాలుగో అంతస్తు మీద వేలు పెట్టారు. నిజమే. పావురాలు గీశాను.

ఆ రాత్రి నాకు అర్థమైంది ఒకటే. చేతికి గీత గుర్తుంది. నేను వదిలేసిన ఏళ్ళన్నీ అది నాతోనే ఉంది. గోపురం పోయిన దుఃఖంలోనే ఆ సంతోషం కూడా వచ్చింది. రెండూ ఒకేసారి రావడం అన్యాయమేమో అని కూడా అనిపించింది. కానీ అది జరిగింది, నేను దాన్ని దాచుకోలేను.

ఆ వారమే గాంధీ రోడ్డులో స్కెచ్ బుక్ కొన్నాను. బొమ్మలు వేసుకోవడానికి కాగితం డబ్బు పెట్టి కొనుక్కోవడం చిన్నప్పటి తర్వాత అదే. ఆదివారం పూట వంట తెమిలాక చంద్రగిరి కోటకు వెళ్ళేదాన్ని. రాజమహల్ ఎదుట చెట్టు నీడలో కూర్చుంటే మూడంతస్తుల కమానులు వరసగా కనిపిస్తాయి. కమాను ఒంపు గీయడం తేలికనుకుంటాం, కానీ పక్కపక్కన ఉన్న రెండు కమానులు ఒకేలా రావడానికి ఓపిక కావాలి. వెనక కొండ, ఎండకు తెల్లబడిన రాళ్ళు. విహారానికి వచ్చిన పిల్లలు చుట్టూ చేరి "అవ్వా, నన్ను గీయవా" అనేవాళ్ళు. గీసి చింపి ఇచ్చేసేదాన్ని. కపిలతీర్థంలో వాన పడ్డ మర్నాడు కొండ మీద నుంచి దూకే నీళ్ళను గీయాలని చూశాను. నీళ్ళు నాకు ఇప్పటికీ పెన్సిల్‌లో చిక్కలేదు. కొండ మాత్రం కాస్త చిక్కింది.

అలా పదేళ్ళు. బ్యాంకులో మార్చి నెల టెన్షన్ ఎంత ఉన్నా, ఆడిట్ ఉన్నా, సంచిలో ఆ పుస్తకం ఉండేది. 2017లో కొత్త గోపురానికి కుంభాభిషేకం జరిగితే తమ్ముడింటికి వెళ్ళి, మా పాత మిద్దె మీద నుంచే దాన్ని కూడా గీశాను. కొత్తదాని మీద పావురాలు ఇంకా చేరలేదు.

రిటైరయ్యాక చాలామంది చాలా సలహాలిచ్చారు. నడక, యోగా, తీర్థయాత్రలు. బొమ్మలు వేసుకుంటానంటే "మంచి టైంపాస్" అన్నారు. ఆ మాట నన్ను గట్టిగా తాకింది. టైం ఎట్లాగూ పోతుంది. నాకు కావలసింది దాన్ని పోనివ్వకుండా పట్టుకుని ఒక పని చేయడం. అదీ నా సొంత ఊరి పని. ఏటి ఇసుక మీద చూసిన ఆ సీతమ్మ కన్ను ఒకే గీతలో ఎలా వచ్చిందో తెలుసుకోవాలి.

తిరుపతిలో టీటీడీ వారి శిల్ప కళాశాలలో కలంకారీ నేర్పుతారు. అది చదువుకునే వయసు పిల్లల కోర్సు, క్రమంగా రోజూ కూర్చోవాల్సింది. నాకు ఒక ఇంటి వసారాలో కూర్చుని నేర్చుకోవాలని ఉండింది. శ్రీకాళహస్తిలో తమ్ముడి భార్య ఒకామె దగ్గరికి తీసుకెళ్ళింది. నా కంటే నాలుగైదేళ్ళు పెద్ద. ఆమె మామగారు, భర్త అందరూ ఈ పనిలోనే. నేను ఆమెను అక్కా అంటాను. ఆమె నన్ను మొదట "మేడమ్" అని, రెండో వారం నుంచి "చెల్లే" అని పిలవడం మొదలుపెట్టింది.

అక్క నాకు పనితో పాటు ఊరి చరిత్ర కూడా చెప్పింది. గుళ్ళల్లో స్వామి వెనక కట్టే తెరలు, రథాల అలంకారాలు అడిగేవాళ్ళు తగ్గిపోయి, ఒక దశలో ఈ రాతపని చేసే కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని మిగిలాయట. 1950లలో కమలాదేవి చట్టోపాధ్యాయ గారు పూనుకుని ఊళ్ళో శిక్షణ కేంద్రం వచ్చేలా చేశాక మళ్ళీ చేతులు కలిశాయి. ఆ పాత తరం చేతుల నుంచి వచ్చిన జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది. "ఆ రోజు మా వీధి వీధంతా మాకే వచ్చినట్టు ఉండింది చెల్లే" అంది అక్క. నేను అప్పుడు తిరుపతి బ్యాంకులో కూర్చుని పేపర్లో ఆ వార్త చదివాను. ఏటి ఒడ్డు గుర్తొచ్చింది గానీ వెళ్ళి చూడాలని తోచలేదు.

మొదట గుడ్డ. ముతక నూలు గాడా గుడ్డను పేడనీళ్ళలో నానబెట్టి, ఉతికి, ఎండలో ఆరబెట్టి తెల్లబరుస్తారు. తర్వాత కరక్కాయ పొడి, గేదెపాలు కలిపిన నీళ్ళలో ముంచి పిండి ఆరేస్తారు. పాలలోని వెన్న వల్ల కలం గీసిన సిరా పక్కకు పాకదు. కరక్కాయ వల్ల నలుపు పడుతుంది. ఆరిన గుడ్డ లేత పసుపుగా మారి, పుల్లటి పాలవాసన వేస్తుంది. ఆ వాసన నాకు ఇష్టం. ఇంటికి తెచ్చిన రోజు మా కోడలు ముక్కు మూసుకుంది. ఇప్పుడు ఆమే వచ్చి "అత్తయ్యా, గుడ్డ ఆరిందా" అని తడిమి చెబుతుంది.

ముందు చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో తేలిగ్గా ఆనవాలు గీసుకుంటాం. ఆ తర్వాత కసిమి. ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు కుండలో వేసి మూతపెట్టి రెండు మూడు వారాలు వదిలేస్తే పులిసి తయారయ్యే నల్లసిరా అది. నేను చదివిన కెమిస్ట్రీ నాకు ఇక్కడ పనికొచ్చింది. బెల్లం పులిసి పుల్లబడితే ఆ పులుపు ఇనుమును కరిగిస్తుంది. ఆ ఇనుము గుడ్డలోని కరక్కాయ వగరును తాకగానే నలుపు పుడుతుంది. కుండలో చూస్తే కసిమి అంత నల్లగా ఉండదు. గుడ్డ మీద కలం పెట్టినాక కళ్ళ ముందే నల్లబడుతుంది. అదంతా పుస్తకంలో ఎప్పుడో చదివాను. కానీ నా చేతి కింద మొదటిసారి అలా నల్లబడటం చూసి నోటమాట రాలేదు. అక్క నా ముఖం చూసి నవ్వి, "మా చిన్న మనవరాలు కూడా ఇట్నే చూసింది" అంది.

కలం అంటే వెదురుపుల్ల. కొన చెక్కి, కాస్త పైన గుడ్డ గానీ ఉన్ని గానీ చుట్టి దారంతో బిగిస్తారు. ఆ చుట్ట సిరాను పీల్చుకుని ఉంటుంది. గీసేటప్పుడు దాన్ని వేళ్ళతో నొక్కుతూ సిరా కొనకు దింపాలి. గట్టిగా నొక్కితే చుక్క రాలుతుంది, వదిలేస్తే గీత ఎండిపోతుంది. ఒకసారి గీసిన గీతను చెరపడానికి వీల్లేదు. పెన్సిల్‌కు అలవాటుపడ్డ చేతికి ఇది వేరే లోకం. మొదటి వారాలు అక్క నా చేత ముఖాలు గీయించలేదు. అంచుల్లో తీగలు, చిన్న చిన్న ఆకులు, హంసల వరస. ఒకే తీగ, మళ్ళీ మళ్ళీ, గుడ్డ చివరి దాకా. నా చేయి కొంచెం వణుకుతుంటే అక్క "ఊపిరి బిగబట్టబాక. గీత ఎటుపోవాలో ఆ తట్టు చూడు" అంది.

అవ్వ అన్నదీ అదే మాట. ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు.

ఎరుపు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఎందుకంటే నేను ఈ పనికి కట్టుబడిపోయింది ఎరుపు దగ్గరే. ఎరుపు పడాల్సిన చోట మనం ఎర్రరంగు పూయం. పటిక నీళ్ళు పూస్తాం. ఆరాక దాన్ని పారే నీటిలో ఉతకాలి. నిలవ నీళ్ళలో ఉతికితే కరిగిన పటిక గుడ్డంతా పాకి, అవసరం లేని చోట కూడా రంగు పట్టుకుంటుంది. అందుకే ఈ పనికి ఏరు కావలసి వచ్చింది, అందుకే ఆ కుటుంబాలు ఏటి పక్కన ఉన్నాయి. చిన్నప్పుడు మోకాలి లోతు నీళ్ళలో వాళ్ళు గుడ్డలు ఎందుకు అలా ప్రవాహంలో వదిలి పట్టుకునేవాళ్ళో నాకు ఇన్నేళ్ళకు తెలిసింది. ఇప్పుడు స్వర్ణముఖిలో నీళ్ళు పారే రోజులు తక్కువ. బోరు నీళ్ళు తొట్లలో పట్టుకుని, మార్చి మార్చి ఉతుకుతున్నారు. అది నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఏరు ఎండితే చేపలు, పైర్లే కాదు, ఒక ఊరి ఎరుపు కూడా కష్టంలో పడుతుంది.

ఉతికిన గుడ్డను పెద్ద పాత్రలో మంజిష్ఠ వేర్లు, సురుడు చెక్క లాంటివి వేసిన నీళ్ళలో ఉడకబెడతారు. కట్టెల పొయ్యి, పొడవాటి కర్రతో కలుపుతూ ఉండాలి. నీళ్ళు కాగేకొద్దీ పటిక పెట్టిన చోటల్లా ఎరుపు పట్టడం మొదలవుతుంది. ముందు లేతగా, తర్వాత ఇటుక రంగు, ఆ తర్వాత చిక్కగా. పటిక లేని చోట పడిన లేత మరకను పేడనీళ్ళలో నానబెట్టి ఎండలో నీళ్ళు చల్లుతూ తెల్లబరుస్తారు. చిన్నప్పుడు ఏటి ఇసుకలో తాత నీళ్ళు చల్లుతున్నది అందుకేనన్నమాట. అదయ్యాక మళ్ళీ పాలలో ముంచి, పసుపుకు కరక్కాయ పువ్వు, నీలానికి నీలిమందు, ఆ రెండూ ఒకదాని మీద ఒకటి పడితే ఆకుపచ్చ. మధ్యమధ్య ఎన్ని ఉతుకులో, ఎన్ని ఆరబెట్టడాలో. ఒక గుడ్డ వారాలు పడుతుంది. వాన పట్టుకుంటే ఆ గుడ్డ ఆగిపోయి ఎండ కోసం ఎదురుచూస్తుంది, దాంతో పాటు మనమూ.

నా మొదటి గుడ్డ ఉడకబెట్టిన రోజు పొయ్యి దగ్గర అక్క కర్ర నా చేతికిచ్చి పక్కకు జరిగింది. పొగ కళ్ళల్లో పడుతున్నా కదల్లేదు. నేను పటిక పెట్టిన చోట, నేను పెట్టినంత మేర మాత్రమే, చీర అంచు ఎర్రబడింది. నాకు ఏడుపొచ్చింది. అరవై దాటిన మనిషి గుడ్డకు రంగు పట్టినందుకు ఏడవడమేంటని ఎవరైనా అనుకోవచ్చు. నాకు ఆ నాయన కొన్న రంగుల పెట్టె, మాస్టారు అంగడి మెట్ల మీద నిలబడి మాట్లాడిన తీరు, రికార్డుల రాత్రులు అన్నీ ఒక్కసారి వచ్చి నా చుట్టూ నిలబడ్డట్టైంది. వాళ్ళలో చాలామంది ఇప్పుడు లేరు. ఉండుంటే ఆ గుడ్డ విప్పి చూపించేదాన్ని.

ఇంకో మాట కూడా చెప్పాలనిపిస్తోంది. బజారులో కలంకారీ అని అమ్మే గుడ్డల్లో చాలావరకు మిషన్ మీద అచ్చు వేసినవే. పెడన వైపు చెక్క అచ్చులతో వేసేది వేరే సంప్రదాయం, దానిదీ గొప్ప చేతిపనే. నేను అనేది వాటి గురించి కాదు. కలం గీతను అచ్చొత్తి, చేతి గీత పేరు చెప్పి అమ్మడం గురించి. కొనేవాళ్ళు గుడ్డ తిప్పి చూడండి, గీతను చూడండి. చేతి గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది, ఒకే ఆకు రెండుసార్లు రాదు. ధర ఎక్కువైందని బేరం ఆడేముందు ఆ గుడ్డ ఎన్నిసార్లు నీళ్ళలో మునిగి ఎన్ని ఎండలు చూసిందో ఒకసారి తలుచుకోండి. అక్క తన మనవళ్ళను ఈ పనిలో పెట్టలేదు. పెట్టమని చెప్పే ధైర్యం నాకు లేదు. కానీ ఆమె చేతిలో ఉన్నది ఆమెతో ఆగిపోతుందన్న ఆలోచన నాకు నిద్ర పట్టనివ్వదు. అందుకే ఇప్పుడు మా అపార్టుమెంటులో ఇద్దరు ఆడపిల్లలు, ఒక రిటైర్డ్ లెక్కల టీచరు మా ఇంటికి వస్తున్నారు. నేను వాళ్ళకు తీగలే నేర్పగలను. మిగతాది అక్క దగ్గరికి తీసుకెళ్ళి చూపిస్తున్నాను.

ఇప్పుడు నా బల్ల మీద ఉన్నది మా ఊరి స్థలపురాణం గుడ్డ. పై వరసలో సాలెపురుగు, పాము, ఏనుగు శివుణ్ణి కొలిచే గడులు అయిపోయాయి. సాలెపురుగు గూడు గీయడం నాకు ఎంత ఇష్టమో చెప్పలేను, ఆ గీతలన్నీ మెలికల ముగ్గులోంచి నేరుగా వచ్చాయి. కింద వరసలో కన్నప్ప. రెండో కంట్లోంచి కూడా రక్తం కారుతుంటే, తన రెండో కన్ను పీకి పెట్టేటప్పుడు చోటు తెలియాలి కాబట్టి లింగం మీద కన్ను ఉన్న చోట కాలు పెడతాడు కదా, ఆ గడి దగ్గర నాకూ అక్కకూ వాదన నడుస్తోంది. కాలికి చెప్పు ఉండాలని అక్క అంటుంది. వేట నుంచి వచ్చిన బోయ, అతనికి చెప్పు విప్పాలన్న ధ్యాసే లేదు, అదే అతని భక్తి అంటుంది. నేను వట్టి కాలు అంటున్నాను. గుడ్డితనంలో చోటు గుర్తుపట్టాలంటే చర్మానికి రాయి తగలాలి, బొటనవేలికి ఆ తడి తెలియాలి. చెప్పు వేస్తే వేళ్ళు గీయడానికి లేదు, ఆ బొటనవేలు గీయకుండా నేను ఉండలేను. "అయితే రెండూ బొగ్గుతో గీసి పట్రా, చూద్దాం" అంది అక్క. కసిమి కుండ ఇంకో వారానికి గానీ సిద్ధం కాదు. అంతదాకా మా ఇద్దరికీ వాదించుకోవడానికి టైముంది.